ఎర్ర ముక్క వెనక ఎలుక

చీరాలలో మా వీధివాళ్లు నన్ను ఎలకల మాస్టారంటారు. నేను ఏ బళ్లోనూ పాఠం చెప్పలేదు. రసాయనాలు ఒంటికి చేసే కీడుని ఎలుకల మీద పరీక్షించే ప్రయోగశాలలో, హైదరాబాదులో, ఉద్యోగం చేసి రిటైరై వచ్చాను. మాది మగ్గం ఇల్లు. నాన్న నూలుకి రంగులద్దేవాడు. మేనమామలు పర్చూరు వైపు మిరప, పత్తి వేస్తారు. ఊళ్లో పొగాకు పని సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉద్యోగంలో సీసాల మీద పేర్లుగా చూసినవన్నీ ఇక్కడ మనుషుల చేతులకీ చొక్కాలకీ అంటుకుని ఉంటాయి. పురుగుమందుల కొట్టు దగ్గర ఎవరో ఒకరు ఆపి, "బాబాయ్, ఈ మందు ఎంత విషం?" అని అడుగుతారు. నిలబడి చెప్పే జవాబు కాదది. కూర్చుని రాస్తే ఇంతయింది.

1. డబ్బా మీది రంగు ఎవరిచ్చారో తెలుసుకోండి.

పురుగుమందు డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపైతే అత్యంత విషం. పసుపు దాని తర్వాతది, నీలం ఇంకా తక్కువ, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా పోయారు. ఆ తర్వాత పదేళ్లకి, 1968లో, పురుగుమందుల చట్టం వచ్చింది. 1971 నాటి నిబంధనలు ఈ రంగుల్ని పెట్టాయి.

ఏ మందుకి ఏ రంగో తేల్చేది ప్రయోగశాల జంతువు, చాలావరకు ఎలుక. మందు నోటి ద్వారా ఒక్కసారి ఇచ్చి, ఎంత మోతాదుకి సగం ఎలుకలు చస్తాయో చూస్తారు. కిలో బరువుకి 50 మిల్లీగ్రాముల లోపే సగం పోతే ఎరుపు. 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5000 దాకా నీలం, ఆ పైన ఆకుపచ్చ. ఈ సగం చావుల లెక్క 1927లో ట్రెవన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త పెట్టింది. ఆయన దృష్టి పొలాల మీద లేదు. ఇన్సులిన్, డిజిటాలిస్ లాంటి మందులు ఏ సీసాలో ఎంత బలంగా ఉన్నాయో కొలవడానికి ఒక కొలబద్ద కావలసివచ్చింది, అంతే. అదే కొలబద్ద తిరిగి తిరిగి మన మిరప చేలోకొచ్చింది. "పసుపే కదా బాబాయ్" అనేవాళ్లకి ఒక మాట. పసుపు ముక్క మీద కూడా 'విషం' అనే రాసి ఉంటుంది.

2. ఎలుక మాట వినాలంటే ముందు ఎలుకని చూడటం రావాలి.

ప్రయోగశాల ఎలుక మన పందికొక్కు లాంటిది కాదు. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు, చేతిలోకి తీసుకుంటే ఒదిగి కూర్చుంటుంది. మన దేశంలో దానికి గట్టి వంశమే ఉంది. కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు మొదలుపెట్టిన పోషకాహార పరిశోధన 1958లో హైదరాబాదుకి మారి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడి విస్టార్ రకం ఎలుకల సంతతి 1920 నుంచీ తెగకుండా వస్తోంది. మెకారిసన్ ఒక గుంపుకి పంజాబు సిక్కుల తిండి, ఇంకో గుంపుకి మద్రాసు తిండి, ఇలా ఒక్కో ప్రాంతపు భోజనం పెట్టి ఏ గుంపు ఎలా ఉందో చూశాడు. బియ్యం తిన్న మన పక్షం ఎలుకలు చిక్కిపోయాయని వేరే చెప్పాలా?

పంజరంలో వరిపొట్టు పరిచి, ఎలుకలకి పిక్రిక్ ఆమ్లంతో పసుపు గుర్తులు పెట్టేవాళ్లం. తల మీద గుర్తుంటే ఒకటో నంబరు, వీపు మీద ఉంటే రెండు, తోక మీద ఉంటే మూడు. రాత్రి మేత తీసేసి, పొద్దున తూకం వేసి, ఆ బరువుకి తగ్గ మోతాదు లెక్కగట్టి, కొస గుండ్రంగా ఉన్న వంకర సూదితో గొంతు లోంచి పొట్టలోకి ఇస్తారు. చెయ్యి కాస్త తప్పితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎలుక చస్తుంది, కానీ ఆ చావు మందు ఖాతాలో రాయడానికి వీల్లేదు. మందు కలపని ఉత్త నూనె తాగిన గుంపు పక్కనే ఉంటుంది. వీటిని వాటితో పోల్చుకుంటూ 14 రోజులు చూడాలి.

ఫాస్ఫరస్ జాతి పురుగుమందైతే అంతసేపు ఆగక్కర్లేదు. చొంగ కారుతుంది, ఒళ్లు ఒణుకుతుంది, కళ్ల చుట్టూ ఎర్రటి కన్నీరు కడుతుంది. కొత్తగా చేరిన పిల్లలు నెత్తురనుకుని బెదిరిపోయేవారు. అది కంటి వెనక గ్రంథి వదిలే పార్ఫిరిన్ అనే రంగు పదార్థం. జబ్బు చేసినా, బెదిరినా కూడా ఎలుకకి ఆ ఎర్రనీరు వస్తుంది. అందుకని మందు ఇవ్వకముందు దాని కళ్లెలా ఉన్నాయో రాసుకోనివాడికి, ఇచ్చాక ఏం కనిపించినా అర్థం కాదు. పైగా ఎలుక రాత్రి తిరిగే ప్రాణి. పగటి డ్యూటీ శాస్త్రవేత్త దాన్ని ఎప్పుడూ నిద్రలోనే చూస్తాడు. "మూడో నంబరు రాత్రినుంచే ముడుచుక్కూచుంది సార్" అని అటెండరు చెప్పిన మాటే నాకు చాలాసార్లు అసలు పరిశీలన.

3. ఎలుకకి వాంతి రాదు.

మన పొట్టలో పడకూడనిది పడితే కక్కుతాం. ఎలుకకి ఆ వెసులుబాటు లేదు. దానికి పిత్తాశయం కూడా లేదు. గాలి ముక్కుతోనే పీలుస్తుంది, నోటితో పీల్చదు. ఒంటి మీద ఏం పడ్డా నాకేస్తుంది. అందుకే చర్మం పరీక్షలో ఒంటి మీద పదోవంతు మేర వెంట్రుకలు తీసి, మందు రాసి, పైన గుడ్డ కట్టి 24 గంటలు ఉంచుతారు. ఇవేవీ రిపోర్టులో రాయరు. చదివేవాడికి తెలిసి ఉండాలి.

4. ఒక్కసారి మింగిన ఎలుక వేరు, పదేళ్లు మందు కొట్టిన మనిషి వేరు.

22 డిగ్రీల గదిలో, వేళకి మేత తిని, 12 గంటలు వెలుతురూ 12 గంటలు చీకటీ చూసే కుర్ర ఎలుక అది. మన మనిషి భాద్రపదం ఎండలో, పత్తి చేలో, వీపు మీద కారే స్ప్రేయరు మోస్తూ నడుస్తాడు. మందు ఎక్కువగా ఎక్కేది నోట్లోంచి కాదు. తడిసిన వీపు లోంచి, తొడల మీద చెమటలోంచి, మూత విప్పిన వేళ్లలోంచి ఎక్కుతుంది. డబ్బా రంగులో చర్మం లెక్క కూడా ఉందనేవాళ్లున్నారు. ఉంది, అదీ ఒక్క రోజు లెక్కే.

ఏళ్లతరబడి జరిగే హాని చూడాలంటే ఎలుకకి రెండేళ్లు మేతలో కలిపి పెట్టాలి. గుంపుకి 50 మగవి, 50 ఆడవి. రెండేళ్లంటే దానికి ముసలితనం వచ్చేసినట్టే. ఏ మోతాదులో ఏ హానీ కనపడలేదో దాన్ని తీసుకుని వందతో భాగిస్తారు. ఎలుకకీ మనిషికీ తేడా ఉండొచ్చని ఒక పది, మనిషికీ మనిషికీ తేడా ఉండొచ్చని ఇంకో పది. 1954లో అమెరికా ఆహార, ఔషధ సంస్థకి చెందిన లేమన్, ఫిట్జ్‌హ్యూ ఈ వందని ప్రతిపాదించారు. ఎక్కడా కొలిచి తెచ్చిన అంకె కాదు, పెద్దమనుషుల అంచనా. అంచనాగా చూస్తే బాగానే పనిచేసింది. కానీ తిండిలో మిగిలే మందుకి పెట్టే పరిమితులు ఆ లెక్కలోంచి వచ్చాయి కాబట్టి, ఆ కంచె కూరగాయలు కొనుక్కుతినేవాడి చుట్టూ ఉంది. మందు కలిపే ఆవిడ దానికి బయటే నిలబడింది.

ఆవిడ సంగతి రాసినవాళ్లు తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో పత్తి ఊళ్లలో చేసి 2005లో అచ్చువేసిన ఒక అధ్యయనంలో, మందు కొట్టిన ప్రతి విడతా తమ ఒంట్లోనూ ఇంటి మగవాళ్ల ఒంట్లోనూ ఏం జరిగిందో ఆడవాళ్లే కాగితం మీద గుర్తులు పెట్టారు. 323 సందర్భాలు పోగయ్యాయి. పదింట ఎనిమిదికి పైగా సందర్భాల్లో ఏదో ఒక విషలక్షణం ఉంది. నీళ్లు మోసి మందు కలిపి ట్యాంకు నింపే ఆడవాళ్లని అసలు మందుకొట్టేవాళ్ల లెక్కలోనే వేయని చోట, ఆ కాగితం నాకు రెండేళ్ల ఎలుకల రిపోర్టంత విలువైనదిగా కనిపించింది.

5. ఆడ ఎలుకనీ మగ ఎలుకనీ కలిపి సగటు తీయకండి.

పారాథియాన్ మగ ఎలుక కన్నా ఆడ ఎలుకని త్వరగా చంపుతుంది. ఇంకోవైపు, కొన్ని రసాయనాలకి మగ ఎలుక మూత్రపిండంలో మాత్రమే గడ్డలు లేస్తాయి. దాని ఒంట్లోనే తయారయ్యే ఒక ప్రోటీను అందుకు కారణం. మనకా ప్రోటీను లేదు కాబట్టి ఆ గడ్డల్ని మనిషికి అన్వయించక్కర్లేదని 1991లో అమెరికా పర్యావరణ సంస్థ తేల్చింది.

6. ఎలుక రిపోర్టు పక్కన ఆసుపత్రి రిజిస్టరు పెట్టి చదవండి.

1997 నుంచి 2002 దాకా వరంగల్ మహాత్మాగాంధీ ఆసుపత్రిలో పురుగుమందు విషంతో చేరినవాళ్లు 8,040 మంది. నూటికి ఇరవై ఇద్దరికి పైగా దక్కలేదు. 2002లో, ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్‌లవే. ఎలుక లెక్కలో మోనోక్రోటోఫాస్ ఎరుపు, ఎండోసల్ఫాన్ పసుపు. వార్డులో మాత్రం రెండూ పక్కపక్క మంచాల మీదే ఉన్నాయి. ఎండోసల్ఫాన్‌ని 2011లో సుప్రీంకోర్టు ఆపింది.

శ్రీలంకలో వైద్యులు ఇంకా నిక్కచ్చిగా చూశారు. ఎలుకల్లో ఇంచుమించు ఒకే అంకె వచ్చి ఒకే తరగతిలో ఉన్న ఫాస్ఫరస్ మందులు రెండు తీసుకుంటే, మనుషుల్లో ఒకదానికి నూటికి 8 మంది, ఇంకోదానికి నూటికి 23 మంది చనిపోయారు. 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చిందిది. ఏది ఏదో ఇక్కడ రాయను. ఎందుకు రాయనో ఈ జిల్లాలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ పేర్లు మందులకి అనుమతిచ్చేవాళ్లకి తెలిస్తే చాలు. వాళ్లకి తెలుసు.

7. ఎలుకకి ఏమీ కాలేదంటే మనకీ ఏమీ కాదని కాదు.

ఇది నాకు ఇంట్లోనే మొదలైన పాఠం. నాన్న చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. గోళ్ల మొదట్లో నీలిరంగు అన్నం కలుపుతున్నప్పుడు కూడా కనపడేది. 1895లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో రేన్ అనే శస్త్రచికిత్స వైద్యుడు, రంగుల ఫ్యాక్టరీలో పనివాళ్లకి మూత్రాశయంలో గడ్డలు వస్తున్నాయని చెప్పాడు. అనుమానం నాఫ్థైలమీన్, బెంజిడీన్ లాంటి పదార్థాల మీదకి పోయింది. నాఫ్థైలమీన్‌ని ఎలుకలకి పెట్టి చూస్తే మూత్రాశయం నిక్షేపంగా ఉంది. 1938లో హ్యూపర్ అనే శాస్త్రవేత్త దాన్ని కుక్కలకి పెట్టాడు, కుక్కలకి గడ్డలొచ్చాయి. జర్మన్ డాక్టరు చెప్పిన 43 ఏళ్లకి! బెంజిడీన్ ఎలుకకి కాలేయంలో కీడు చేస్తుంది, మనిషికి మూత్రాశయంలో. హాని నిజమే, చోటు మారింది. బెంజిడీన్ మూలంగా ఉన్న రంగుల్ని మన దేశం నిషేధించింది 1990లలో. అప్పటికి నాన్న లేడు. ఆయన పోయింది వేరే జబ్బుతో. రంగుల మీద నింద వేయడానికి నా దగ్గర ఆధారం లేదు కాబట్టి వేయను.

పొగాకుదీ ఇదే దారి. తారుని చిట్టెలుకల చర్మానికి రాస్తే 1953లోనే గడ్డలొచ్చాయి. పొగ పీల్పిస్తే మాత్రం వాటి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఒక పట్టాన రాలేదు. చెప్పానుగా, ముక్కుతోనే పీల్చే జాతులు, ఆ ముక్కు మంచి జల్లెడ. జంతువుల్లో రుజువేదీ అని పొగాకు కంపెనీలు ఏళ్లతరబడి దబాయించాయి. లండన్‌లో డాల్, హిల్ అనే పరిశోధకులు 1950లోనే ఆసుపత్రుల్లో రోగుల్ని అడిగి సంగతి తేల్చేశారు.

మన విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీ వాళ్లదైతే నాకు ఇంకా ఇష్టమైన కథ. ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. వాళ్ల అంగిట్లోనే క్యాన్సర్ రావడం డి. గోవిందరెడ్డి, వి.కె. రావు 1957లో రాశారు. ముందు మనిషి నోరు చూశారు. ఆ తర్వాతే గోవిందరెడ్డి బృందం ప్రయోగశాలకి వెళ్లి, తారుకి వేడి కూడా తోడైతే జంతువులకి ఏమవుతుందో చూసి 1960లో ప్రచురించింది. తారు ఒక్కటే రాసి ఊరుకోలేదు. ఆ అమ్మ నోట్లో వేడి కూడా ఉందని గుర్తుపెట్టుకున్నారు. ప్రశ్న అడగడమంటే నా దృష్టిలో అదీ.

8. ఎలుక పట్టిచ్చినదాన్ని, మనిషిలో రుజువు లేదని వదిలేయకండి.

పై పాఠం చదివి ఎలుక మాట నమ్మక్కర్లేదని అనుకునేవాళ్ల కోసం ఇది. 2003లో మన దేశం నుంచి వెళ్లిన మిరప సరుకులో సుడాన్-1 అనే రంగు ఫ్రాన్సులో బయటపడింది. ఆ రంగు లేదని పరీక్ష కాగితం ఉంటే తప్ప మిరప దిగనివ్వమని ఆ జూన్‌లోనే ఐరోపా సమాఖ్య శాసించింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో, ఒక సాసులో పడ్డ కారప్పొడి మూలంగా, 400కి పైగా రకాల సరుకుల్ని అంగళ్ల నుంచి వెనక్కి తీసుకోవలసివచ్చింది. అంత గొడవకీ మూలం 1982 నాటి ఒక అమెరికా రిపోర్టు. సుడాన్-1 తిన్న ఎలుకల కాలేయంలో గడ్డలొచ్చాయి, చిట్టెలుకలకి రాలేదు. "రెండిట్లో ఒకటే కదండీ, మనుషుల్లో ఒక్క కేసు చూపించండి" అని ఒక మిర్చి వ్యాపారి నాతో వాదించాడు. మైనానికీ నూనెలకీ వేసే రంగది. మన సన్నమిరపకాయలకి ఎరుపు అరువు తెచ్చుకోవలసిన ఖర్మేమిటి? తిండికి అక్కర్లేని వస్తువు మీద అనుమానం తీరేదాకా తినిపిస్తూ కూర్చోవడం తెలివి అనిపించుకోదు.

కళ్లంలో వానకి తడిసిన కాయల సంగతీ ఇంతే. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లు చచ్చాయి. బ్రెజిల్ వేరుశనగ పిండిలో బూజు దోషం. ఆ పిండి తిన్న ఎలుకలకి కాలేయ క్యాన్సర్ వచ్చింది. అలా దొరికిందే అఫ్లటాక్సిన్. చిట్టెలుక దాన్ని తట్టుకుంటుంది, ఎలుక తట్టుకోలేదు. హైదరాబాదు పోషకాహార సంస్థలో తుల్పులే, మాధవన్, గోపాలన్ కోతులకి పెట్టి చూసి 1964లో కీడు ఖాయం చేశారు. పదేళ్లకి, 1974లో, రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడి 106 మంది చనిపోయారు. ఎలుక ముందే చెప్పింది. ఇవాళ ఐరోపాకి పోయే మిరపలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదన్న అంకె చాదస్తమని ఎవరైనా అంటే నాకు ఆ 106 గుర్తొస్తుంది.

9. నీళ్ల విషయంలో ఎలుక మొండిది.

మాకు పడమటనున్న పొదిలి, దర్శి, కనిగిరి మండలాలు ఫ్లోరోసిస్‌కి పేరుపడ్డవి. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న ఆ ప్రాంతపు జబ్బు సంగతి 1937లోనే వైద్య పత్రికకెక్కింది. ఎలుక ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఫ్లోరైడు వాటి మీద చారలుగా కనిపిస్తుంది, చూడ్డానికి వీలు. కానీ మనిషి రక్తంలో చేరినంత ఫ్లోరైడు దాని రక్తంలో చేరాలంటే నీళ్లలో ఎన్నో రెట్లు ఎక్కువ కలపాలి. ఎలుకకి ఫలానా మోతాదు దాకా ఏమీ కాలేదు కాబట్టి బోరు నీళ్లు తాగొచ్చని ఎవరైనా చెబితే, ఈ ఒక్క సంగతీ అడగండి.

10. చచ్చిన ఎలుకని కాగితం మీద బతికించకూడదు.

ఒక కంపెనీ మనిషి ఒకసారి నా బల్ల ముందు కూర్చుని, ఎక్కువ మోతాదు గుంపులో చచ్చిన ఒక ఎలుకని "అది ముందే జబ్బుది అయ్యుంటుంది కదండీ" అన్నాడు. పుస్తకం తెరిచి, మందు ఇచ్చిన రోజు పొద్దున్న దాని బరువు, తిన్న మేత, కళ్ల స్థితి చూపించాను. కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు. పెన్నుతో రాయడం, తప్పుపోతే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టడం మాకు నియమం. ఆ నియమం ఊరికే రాలేదు. అమెరికాలో ఇండస్ట్రియల్ బయోటెస్ట్ అనే పెద్ద పరీక్షశాల పురుగుమందులకీ ఔషధాలకీ దొంగ రిపోర్టులు రాస్తోందని 1976లో బయటపడింది. అక్కడి పుస్తకాల్లో ఎన్నో ఎలుకల పక్కన 'మరీ కుళ్లిపోయింది' అనే అర్థం వచ్చే మూడక్షరాల గుర్తు ఉండేదట. ఎలుకలు చచ్చి కుళ్లేదాకా చూసినవాడు లేడు. 1983లో ఆ సంస్థ పెద్దల్లో కొందర్ని కోర్టు దోషులుగా తేల్చింది. ప్రయోగశాలల్లో ఇవాళ పాటించే ఈ పద్ధతులు చాలావరకు ఆ కుళ్లులోంచే పుట్టాయి.

11. తక్కువ ఎలుకలతో అయ్యే పనికి ఎక్కువ ఎలుకల్ని చంపకండి.

మేం చేరినప్పుడు ఒక్క మందుకి పంజరాలు పంజరాలే ఖాళీ అయ్యేవి. జంతువుల్ని తగ్గించండి, బాధ తగ్గించండి, వీలైతే వాటి బదులు వేరే దారి వెతకండి అని రస్సెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు 1959లోనే పుస్తకం రాశారు. ఆ పాత సగం చావుల పరీక్షని అంతర్జాతీయ మార్గదర్శకాల్లోంచి తీసేసింది 2002లో. ఇప్పుడు కొద్ది ఎలుకలతోనే తరగతి తేలుస్తున్నారు. మన దేశంలో 1998 నిబంధనల ప్రకారం ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్నది ముందే కమిటీకి చెప్పుకోవాలి. కొందరు దీన్ని అడ్డంకి అని విసుక్కునేవారు. నాకు హాయిగా ఉండేది. ఎందుకని అడిగేవాడు ఒకడుంటే, చేసేవాడికి రాత్రి నిద్ర పడుతుంది.

12. ట్యాంకులో ఏమేం కలిపారో ఎలుకకి తెలియదు.

మిరపకి నల్లి పట్టినా ముడత వచ్చినా రెండు మూడు మందులు కలిపి కొట్టడం మనవాళ్లకి అలవాటు. కొట్టువాడు కూడా అలాగే ఇస్తాడు. డబ్బా మీది రంగు మాత్రం ఆ ఒక్క మందుది. మలాథియాన్‌నీ ఈపీఎన్ అనే మందునీ కలిపి ఇస్తే విడివిడి లెక్కల మొత్తం కన్నా ఎన్నో రెట్లు విషమవుతుందని 1957లోనే ఎలుకల్లో, కుక్కల్లో చూశారు. మలాథియాన్‌ని ఒంట్లో విరిచేసే ఎంజైముని రెండోది కట్టేస్తుంది. మీరు ట్యాంకులో కలిపే జతలన్నిటినీ ఎవరూ ఎలుకకి పెట్టి చూడలేదు. ఎన్ని జతలని చూస్తారు?

కాబట్టి నేను కొట్టు దగ్గర చెప్పేది ఇంతే. కలిపితే ఏమేం కలిపారో కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోండి. తల తిరిగినా, చొంగ కారినా, చూపు మసకబారినా తడిబట్టలు విప్పేసి సబ్బుతో ఒళ్లు కడిగి, ఆ కాగితంతో, ఖాళీ డబ్బాలతో ఆసుపత్రికి పొండి. ఎవరైనా మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించే నాటువైద్యం చేయకండి. డబ్బాతో పాటు వచ్చే మడత కాగితంలో విరుగుడు ఏమిటో రాసి ఉంటుంది. దాన్ని చేలో పారేసి రాకండి. డ్యూటీ డాక్టరుకి ముందు కావలసింది మందు పేరు. రంగు ఎరుపో పసుపో తర్వాత చూసుకుంటాడు.